బెజాయా: అంకెలు ఓడెక్కిన రేవు

అల్జీరియా ఉత్తర తీరంలో, రాజధాని అల్జీర్స్‌కు తూర్పు దిక్కున, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం బెజాయా. దీని చరిత్ర రెండు వేల ఏళ్లకు పైబడినది. రోమన్లు ఈ ఊరిని సాల్దే అన్నారు. తర్వాత వెయ్యేళ్లకు దీన్ని కొత్తగా కట్టించిన హమ్మాదీ పాలకుడు అల్ నాసిర్ తన పేరు మీద అల్ నాసిరియా అని పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. అక్కడి ఒక తెగ పేరు మీద వచ్చిన బిజాయా అన్న పేరే జనం నోట మిగిలింది. స్థానిక కబైల్ భాషలో బ్గాయెత్ అంటారు. ఇటలీ వర్తకులు బుజియా అన్నారు, ఫ్రెంచ్ వాళ్లు బూజీ అన్నారు.

ముస్లింల చరిత్ర అనగానే బాగ్దాద్, ఖుర్తుబా, ఖాహిరా పేర్లు ముందు వస్తాయి. బెజాయా పేరు వినబడేది తక్కువే. కానీ కిరాణా కొట్టు బిల్లు నుంచి బ్యాంకు పాస్‌బుక్ దాకా ఈ రోజు అందరూ వాడే 1, 2, 3 అంకెలు యూరప్ వర్తకుల ఖాతా పుస్తకాల్లోకి వెళ్లిన దారుల్లో ముఖ్యమైన ఒకటి ఈ రేవు గుండా సాగింది. భారతదేశంలో పుట్టిన లెక్క, అరబ్బీలో చదువుగా పెరిగి, అమాజిగ్ పాలకులు కట్టిన రేవులో ఒక ఇటలీ కుర్రాడి చేతికి అందింది. అది ఎలా కుదిరిందో తెలియాలంటే ముందు ఆ రేవు ఎలాంటిదో చూడాలి.

కొండ చాటు రేవు

బెజాయా వెనక గురాయా కొండ నిలబడి ఉంటుంది. ఎత్తు సుమారు 660 మీటర్లు. ఆ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట కార్బన్ అగ్రం ఉంది. చలికాలంలో పడమర నుంచి, వాయవ్యం నుంచి వచ్చే గట్టి గాలులకు ఈ కొండే అడ్డు. అందుకే పాత కాలపు నావికులు ఓడలు ఆపుకోవడానికి ఈ చోటును ఇష్టపడ్డారు. ఊరి పక్కనే సుమ్మామ్ నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది లోయే తీరం నుంచి లోపలి పీఠభూమికి పోయే సహజమైన దారి.

చుట్టూ ఉన్న కొండ ప్రాంతాన్ని కబీలియా అంటారు. ఉర్దూలో తెగకు వాడే ఖబీలా అన్న మాటే ఇందులోనూ ఉంది. అరబ్బీలో ఖబీలాకు బహువచనం ఖబాయిల్. ఇక్కడి జనం ఉత్తర ఆఫ్రికా ఆదివాసులైన అమాజిగ్‌లు. బయటివాళ్లు వీళ్లను బెర్బర్లు అన్నారు. ఈ కొండల్లో ఓడలకు పనికొచ్చే కలప దొరికేది. తేనెటీగల పెంపకం ఎక్కువ కాబట్టి మైనం దొరికేది. మంచి రేవు, లోపలికి దారి, చేతికందే కలప, అమ్ముకోవడానికి సరుకు: ఒక రేవు పట్టణం బతకడానికి కావలసినవన్నీ ఒక్కచోటే ఉన్నాయి.

సొరంగం తప్పిన కథ

ఈ తీరంలో మొదట వ్యాపార మజిలీలు పెట్టినవాళ్లు ఫినీషియన్లు, వాళ్ల వారసులైన కార్తేజ్ వాళ్లు. తర్వాత ఇది మౌరిటానియా రాజుల చేతిలోకి వచ్చింది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం చివరలో రోమ్ చక్రవర్తి ఆగస్టస్ తన 7వ దళంలో పనిచేసి దిగిపోయిన సైనికులకు ఇక్కడ భూములిచ్చి ఒక కాలనీ ఏర్పాటు చేశాడు. భూగోళ రచయిత స్ట్రాబో సాల్దేను పెద్ద రేవుగానే పేర్కొన్నాడు.

రోమన్ల సాల్దే గురించి మిగిలిన అతి మంచి కథ నీళ్లది. ఊరికి పడమర వైపు తూజా దగ్గర కొండ ఊటలున్నాయి. అక్కడి నుంచి సుమారు 21 కిలోమీటర్ల కాలువ వేసి ఊరికి నీళ్లు తేవాలని 2వ శతాబ్దంలో తలపెట్టారు. మధ్యలో ఒక కొండ అడ్డు. దాన్ని తొలవాలి. నోనియస్ దాతుస్ అనే సైనిక సర్వేయరు వచ్చి కొలతలు వేసి, కొండకు రెండు వైపుల నుంచీ తవ్వుకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు మళ్లీ కబురొచ్చింది. రెండు జట్లూ కొండ మందంలో సగం దాటి తవ్వేశాయి, కానీ ఎక్కడా కలవలేదు. రెండూ దారి తప్పి పక్కకు పోయాయి. ఇంకాస్త ఆగి ఉంటే ఒక కొండలో రెండు సొరంగాలు తయారయ్యేవి.

దాతుస్ మళ్లీ బయలుదేరాడు. దారిలో దొంగలు కొట్టి, బట్టలతో సహా దోచుకున్నారు. గాయాలతోనే సాల్దే చేరి, కొలతలు సరిచేసి, జట్ల మధ్య పోటీ పెట్టి పని పూర్తి చేయించాడు. 152 ప్రాంతంలో నీళ్లు ఊరికి చేరాయి. ఈ కథంతా ఆయనే ఒక రాతి మీద చెక్కించుకున్నాడు. దాని మీద ముగ్గురు స్త్రీల బొమ్మలు, వాటి కింద ఓర్పు, ధైర్యం, ఆశ అనే మూడు మాటలున్నాయి. దళం మకాం ఉన్న లంబేసిస్‌లో 19వ శతాబ్దంలో దొరికిన ఆ రాయి ఇప్పుడు బెజాయాలో ఉంది. సొరంగం పొడవు 428 మీటర్లు.

రోమన్ల తర్వాత వాండల్స్, వాళ్ల తర్వాత బైజాంటియం వాళ్లు వచ్చారు. 7వ శతాబ్దం చివరికి, 8వ శతాబ్దం మొదటికి ఈ తీరం ముస్లింల పాలనలోకి వచ్చింది. అప్పటికి సాల్దే పాత వైభవం తగ్గి చిన్న రేవుగా మిగిలింది. 11వ శతాబ్దపు భూగోళవేత్త అల్ బక్రీ రాసేనాటికి అక్కడ అందలుసియా నుంచి వచ్చిన జనం ఉన్నారు.

పన్ను లేని కొత్త ఊరు

బెజాయాను మహానగరం చేసింది హమ్మాదీ వంశం. వీళ్లు సన్హాజా తెగకు చెందిన అమాజిగ్ ముస్లింలు. వంశకర్త హమ్మాద్ 1007లో లోపలి కొండల్లో ఖల్అ అనే కోట నగరాన్ని కట్టుకున్నాడు. దాని శిథిలాలు 1980 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. 11వ శతాబ్దం మధ్యలో తూర్పు నుంచి బనూ హిలాల్ అనే అరబ్ తెగలు పెద్ద ఎత్తున వచ్చాయి. 1065లో సబీబా దగ్గర జరిగిన యుద్ధంలో అల్ నాసిర్ సేనలు చిత్తుగా ఓడాయి. లోపలి దారులు, పొలాలు, బిడారు వ్యాపారం చేయి జారడం మొదలైంది.

అప్పుడు అల్ నాసిర్ సముద్రం వైపు చూశాడు. హిజ్రీ 460లో, అంటే 1067-68లో, పాత సాల్దే చోట కొత్త నగరానికి పునాది వేశాడు. ముత్యాల భవనం అనే రాజప్రాసాదం కట్టించాడు. మరి కొత్త ఊరికి జనం ఎందుకు రావాలి? ఇబ్న్ ఖల్దూన్ రాసిన దాని ప్రకారం, అల్ నాసిర్ జనాన్ని అక్కడికి తరలించి, అక్కడ ఉండేవాళ్లకు ఖరాజ్, అంటే పన్ను, మాఫీ చేశాడు. రేవు నిండితే సుంకం దానంతట అదే వస్తుందని ఆయనకు తెలుసన్నమాట. ఆయన కొడుకు అల్ మన్సూర్ 1090లో రాజధానిని పూర్తిగా ఇక్కడికే మార్చాడు.

ఈ కాలపు రాజకీయాలు ఎలా ఉండేవో చెప్పడానికి ఒక ఉత్తరం చాలు. బెజాయా రాజ్యంలో క్రైస్తవులు కొద్దిమంది ఉండేవారు. వాళ్ల కోసం ఒక మతగురువును నియమించమని అల్ నాసిర్ రోమ్‌లోని పోప్ 7వ గ్రెగరీకి కబురు పంపాడు. కానుకలు పంపాడు, కొందరు క్రైస్తవ ఖైదీలను విడిచిపెట్టాడు. 1076లో పోప్ స్నేహపూర్వకంగా జవాబు రాశాడు. మనం ఆరాధించే తీరు వేరైనా నమ్మేది ఒక్క దేవుడినే అన్న అర్థం ఆ ఉత్తరంలో ఉంది. దీనికి 20 ఏళ్లు తిరగకుండానే, 1095లో, మరో పోప్ క్రూసేడ్ యుద్ధాలకు పిలుపునిచ్చాడు. యుద్ధాల కాలంలో కూడా యుద్ధం ఒక్కటే నడవలేదని గుర్తు పెట్టుకోవడానికి ఈ ఉత్తరం పనికొస్తుంది.

1152లో, హిజ్రీ 547లో, మువహ్హిదీన్ పాలకుడు అబ్దుల్ మోమిన్ బెజాయాను గెలిచాడు. తమాషా ఏమిటంటే, ఈయన తన గురువు ఇబ్న్ తూమర్త్‌ను మొదటిసారి కలిసింది బెజాయా పక్కనున్న మల్లాలా అనే పల్లెలోనే. బెజాయా బజారులో జనం నడవడిక మీద గట్టిగా మాట్లాడినందుకు ఇబ్న్ తూమర్త్ ఊరు వదలాల్సి వచ్చింది. అప్పుడు ఆ పల్లెలో తలదాచుకున్న రోజుల్లో కలిసిన ఆ ఇద్దరే తర్వాత మరాకష్ నుంచి ఇష్బీలియా దాకా విస్తరించిన రాజ్యానికి మూలపురుషులయ్యారు.

సరుకు, సుంకం, ఫుందుఖ్

సిసిలీ రాజు దగ్గర ఉండి 1154లో గ్రంథం పూర్తి చేసిన అల్ ఇద్రీసీ బెజాయాను మధ్య మగ్రిబ్‌కు ముఖ్య నగరంగా వర్ణించాడు. ఓడలు ఆగుతాయి, బిడారులు దిగుతాయి, ఇక్కడి వర్తకులు ఎడారి వాళ్లతోనూ తూర్పు దేశాల వాళ్లతోనూ వ్యాపారం చేస్తారు, కొండ కలపతో ఇక్కడే ఓడలు కడతారు అని రాశాడు. ఓడలు కట్టే చోటును అరబ్బీలో దారుస్సినాఅ అంటారు. యూరప్ భాషల్లో ఆయుధాగారానికి వాడే ఆర్సెనల్ అనే మాట దీని నుంచే వచ్చింది.

ఇక్కడి నుంచి యూరప్‌కు పోయిన సరుకుల్లో మైనం, తోళ్లు, ఉన్ని ముఖ్యమైనవి. బెజాయా మైనం ఎంత పేరుపడిందంటే, ఫ్రెంచ్ భాషలో కొవ్వొత్తిని ఇవాళ్టికీ బూజీ అనే అంటారు. ఊరి పేరే సరుకు పేరైపోయింది.

పీసా, జెనోవా, ఆ తర్వాత కతలోనియా వర్తకులు ఇక్కడ స్థిరంగా ఉండేవారు. పరదేశీ వర్తకులు దిగే సత్రాన్ని ఫుందుఖ్ అంటారు. కింద గోదాములు, పైన గదులు, లోపల వాళ్ల నోటరీ, వాళ్ల ప్రార్థనా స్థలం ఉండేవి. రేవులో సుంకం కచేరీని దీవాన్ అనేవారు. ఇటలీ వాళ్లు దీన్ని దువానా అని పలికారు, అదే దొగానా అయింది. తెలుగులో దివాణం, దివాన్ అన్న మాటలు కూడా పారశీకం గుండా వచ్చిన ఇదే మాట. దిగుమతి సరుకు మీద పరదేశీ వర్తకుడు సాధారణంగా పదో వంతు కట్టేవాడు. 1186లో పీసా నగరం మువహ్హిదీన్ పాలకులతో ఒప్పందం చేసుకుంది. పీసా వాళ్లు వ్యాపారం చేసుకోవచ్చని అందులో రాసిన కొద్ది రేవుల్లో బెజాయా ఒకటి.

పీసా గుమాస్తా కొడుకు

ఈ సుంకం కచేరీలో పీసా వర్తకుల తరఫున లెక్కలు, పత్రాలు చూసే ఉద్యోగం గుల్యెల్మో అనే ఆయనకు వచ్చింది. 12వ శతాబ్దం చివరి దశాబ్దాల మాట ఇది. ఆయన తన కొడుకు లియొనార్దోను కూడా బెజాయాకు పిలిపించుకున్నాడు. పిల్లవాడు ముందుముందు వ్యాపారంలో పనికి రావాలంటే లెక్క రావాలి. కొన్నాళ్లు ఇక్కడ లెక్కలు నేర్చుకోమని చేర్పించాడు. ఆ కుర్రాడే తర్వాతి ప్రపంచానికి ఫిబొనాచిగా తెలిసిన గణితవేత్త.

బెజాయాలో అతను చూసింది భారతీయుల తొమ్మిది అంకెలు, వాటితో పాటు సున్నా. అప్పటికి ఇటలీ వర్తకులు లెక్క చేసేది గీతల బల్ల మీద గవ్వలు, రాళ్లు జరిపి. రాసేది రోమన్ గుర్తులతో. రోమన్ పద్ధతిలో 888 రాయాలంటే పన్నెండు గుర్తులు కావాలి. భారతీయ పద్ధతిలో ఒకే అంకె మూడుసార్లు వేస్తే సరి. ఒకట్ల స్థానం, పదుల స్థానం, వందల స్థానం అనే ఏర్పాటులోనే ఉంది సౌకర్యమంతా. ఖాళీ స్థానాన్ని చూపడానికి సున్నా ఉంది కాబట్టే 88కీ 808కీ తేడా తెలుస్తుంది.

వర్తకుడికి ఇంకో లాభం కూడా ఉంది. బల్ల మీద రాళ్లతో చేసిన లెక్కలో చివరి మొత్తం తప్ప ఏమీ మిగలదు. ఎక్కడ తప్పు జరిగిందో వెతకాలంటే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. కాగితం మీద అంకెలతో చేసిన లెక్కలో ప్రతి మెట్టూ కనబడుతుంది. యజమాని చూడొచ్చు, భాగస్వామి చూడొచ్చు, కోర్టులో చూపించొచ్చు. ఇవాళ ఆడిట్ అంటున్న పనికి ఇది మొదటి అవసరం.

లియొనార్దో ఆ తర్వాత మిస్రు, షామ్, గ్రీకు ప్రాంతాలు, సిసిలీ తిరిగి, 1202లో లిబేర్ అబాచి అనే పెద్ద పుస్తకం రాశాడు. 1228లో దాన్ని మళ్లీ సవరించాడు. బెజాయాలో నేర్చుకున్న సంగతి ఆ పుస్తకం ముందుమాటలో అతనే చెప్పుకున్నాడు. అందులో సరుకు ధరలు, వస్తు మార్పిడి, నాణేల మారకం, భాగస్వాముల మధ్య లాభం పంచుకోవడం వంటి వ్యాపార లెక్కలకు అధ్యాయాలే ఉన్నాయి. అంకెల జాబితాను అతను 9 నుంచి 1 వైపుగా రాశాడు, పూర్ణాంకానికి ఎడమ వైపున భిన్నం వేశాడు. కుడి నుంచి ఎడమకు రాసే అరబ్బీ అలవాటు చేతికి అంటుకుందనడానికి ఇది గుర్తు. కానీ బెజాయాలో అతనికి పాఠం చెప్పిన ఉస్తాద్ పేరు మాత్రం ఆ పుస్తకంలో లేదు.

అంకెలు ఎవరివి?

ఈ విషయంలో రెండు రకాల మాటలు వినబడతాయి. అంకెలు అరబ్బులే కనిపెట్టారని కొందరు, అరబ్బులు చేసిందేమీ లేదు, మోసుకుపోయారంతే అని కొందరు. రెండూ సరికాదు.

స్థానాన్ని బట్టి విలువ మారే దశాంశ పద్ధతి భారతదేశంలో పుట్టింది. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో 628లో బ్రహ్మగుప్తుడు సూత్రాలు రాశాడు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఖ్వారిజ్మీ భారతీయ లెక్కల మీద ప్రత్యేకంగా గ్రంథం రాశాడు. అది హింద్ వారి లెక్క అని ఆయన దాచలేదు, అరబ్బీ రచయితలు తర్వాత కూడా ఆ మాట అంటూనే వచ్చారు. అరబ్బీ పండితులు దాన్ని దశాంశ భిన్నాల దాకా పెంచారు, బీజగణితంతో కలిపారు, ఫరాయిజ్ లెక్కలకు, అంటే వారసుల వాటాలు తేల్చడానికి, జకాత్‌కు, సుంకానికి వాడారు. సంస్కృతంలోని శూన్యం అరబ్బీలో సిఫ్ర్ అయింది. లియొనార్దో దాన్ని జెఫిరుమ్ అని రాశాడు. ఇంగ్లీషు జీరో అక్కడి నుంచి వచ్చింది. ఉర్దూలో సిఫర్ అని పిల్లలు అనేది అదే మాట.

అంకెల ఆకారంలో మరో విశేషం ఉంది. తెలుగు ముస్లిం ఇళ్లలో పిల్లలకు మూడు రకాల అంకెలు కనబడతాయి. ఖురాన్ షరీఫ్‌లో ఆయతుల పక్కన, ఉర్దూ ఖాయిదాలో ఉండేవి ఒక రకం. పాత తెలుగు పుస్తకాల్లో ఉండే తెలుగు అంకెలు ఇంకో రకం. బడిలో, బ్యాంకులో వాడే 1, 2, 3 మూడో రకం. మూడింటి మూలం భారతదేశమే. అరబ్బీలోకి వచ్చాక ఇవి రెండు శాఖలయ్యాయి. బాగ్దాద్, ఈరాన్ వైపు పెరిగిన తూర్పు శాఖ ఉర్దూలోకి వచ్చింది. మగ్రిబ్, అందలుసియాల్లో పెరిగిన పడమటి శాఖను గుబార్ అంకెలన్నారు. గుబార్ అంటే ధూళి. పలక మీద ధూళి చల్లి, వేలితో రాసి, తుడిచి లెక్క చేసేవారు కాబట్టి ఆ పేరు. ఈ పడమటి శాఖ నుంచే ఇవాళ్టి 1, 2, 3 వచ్చాయి. అల్జీరియా, మొరాకోల్లో అరబ్బీ వార్తాపత్రికల్లో కూడా ఇవే వాడతారు.

బెజాయా ఒక్కటే దారి అనడం కూడా తప్పే అవుతుంది. 976లో స్పెయిన్‌లో రాసిన ఒక లాటిన్ చేతిరాత ప్రతిలో ఈ తొమ్మిది అంకెలున్నాయి. 12వ శతాబ్దంలో ఖ్వారిజ్మీ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లింది. అవి ఎక్కువగా చర్చి పండితుల చేతుల్లో ఉన్నాయి. బెజాయా ప్రత్యేకత ఏమిటంటే, ఇక్కడ అంకెలు వర్తకుడి చేతికి వెళ్లాయి, సుంకం కట్టే చోట, సరుకు లెక్క చూసే చోట. ఆ తర్వాత ఇటలీలో వర్తకుల పిల్లలకు లెక్కలు నేర్పే బడులు పుట్టాయి. వ్యతిరేకత కూడా వచ్చింది. 1299లో ఫ్లోరెన్స్‌లో నాణేల మారకం చేసేవాళ్ల సంఘం ఖాతాల్లో ఈ అంకెలు వాడొద్దని, మొత్తాన్ని అక్షరాల్లో రాయమని నియమం పెట్టింది. ఒక అంకెను ఇంకో అంకెగా దిద్దడం సులువు మరి. ఇప్పటికీ చెక్కు మీద సొమ్మును అక్షరాల్లో కూడా రాయమనేది అలాంటి జాగ్రత్త కోసమే.

ఉలమా ఊరు

రేవులో డబ్బు ఉంటేనే చదువు నిలబడుతుంది. బెజాయాలో రెండూ ఉన్నాయి. అందలుసియాలో క్రైస్తవ రాజులు నగరాలను ఒక్కొక్కటే గెలుస్తూ వస్తుంటే, ఖుర్తుబా 1236లో, బలన్సియా 1238లో, ఇష్బీలియా 1248లో పోయాయి. అక్కడి పండితులు, వైద్యులు, కారీగర్లు చాలామంది సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు. అంతకుముందు నుంచే ఈ వలస ఉంది. ఇష్బీలియాకు చెందిన హదీస్ పండితుడు అబ్దుల్ హఖ్ ఇక్కడే ఖతీబ్‌గా ఉండి ఇక్కడే చనిపోయారు. అదే ఇష్బీలియా నుంచి వచ్చిన గణితవేత్త అల్ ఖురషీ బీజగణితం మీద వ్యాఖ్యానం రాసి, 1184లో బెజాయాలో కన్నుమూశారు. లియొనార్దో దాదాపు అదే కాలంలో ఈ ఊళ్లో చదువుకున్నాడు. అంటే అప్పటికి బెజాయా లెక్కల పాఠం ఏదో కొట్టు అరుగు మీద చదువు స్థాయిలో లేదు, పెద్ద పండితులున్న ఊరి చదువు అది.

సూఫీ పెద్దలు హజ్రత్ అబూ మద్యన్ (రహ్మతుల్లాహి అలైహి) చాలా ఏళ్లు ఇక్కడే బోధించారు. మువహ్హిదీన్ ఖలీఫా పిలిస్తే మరాకష్‌కు బయలుదేరి, 1198లో దారిలో తిలిమ్సాన్ దగ్గర కన్నుమూశారు. ఇబ్న్ అరబీ 1201లో రంజాన్ నెలలో బెజాయాలో ఉన్నారు. ఈ ఊరి ఖాజీ అల్ గుబ్రీనీ, హిజ్రీ 7వ శతాబ్దంలో బెజాయాలో ఉన్న పండితుల జీవితాలను ఉన్వానుద్దిరాయా అనే గ్రంథంలో ఒక్కొక్కరిగా రాసిపెట్టారు. ఆ ఊరి చదువు గురించి ఇవాళ తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ ఒక్క పుస్తకం వల్లే తెలిసింది.

ఇబ్న్ ఖల్దూన్ చూసిన బెజాయా

13వ శతాబ్దం మొదటి సగంలో బెజాయా తూనిస్‌కు చెందిన హఫ్సీ వంశం కిందికి వచ్చింది. 1365లో ఇక్కడి హఫ్సీ అమీర్ అబూ అబ్దుల్లా, చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌ను హాజిబ్‌గా, అంటే ప్రధానమంత్రిగా నియమించాడు. ఊరి జనం ఆయనకు ఘనంగా స్వాగతం చెప్పారు. పగలు పాలన చూసుకుని, ఖస్బా మసీదులో పాఠాలు చెప్పేవారు. పన్ను కట్టని కొండ తెగల దగ్గరికి స్వయంగా వెళ్లి వసూలు చేశారు. ఏడాది తిరగ్గానే, 1366లో, అమీర్ తన దాయాది చేతిలో యుద్ధంలో చనిపోయాడు. ఇబ్న్ ఖల్దూన్ ఊరిని కొత్త పాలకుడికి అప్పగించి, కొద్దికాలానికే అక్కడి నుంచి తప్పుకున్నారు.

సుమారు పదేళ్ల తర్వాత ముఖద్దిమాలో ఆయన ఒక సూత్రం చెప్పారు. రాజ్యం కొత్తగా ఉన్నప్పుడు పన్ను రేటు తక్కువ, రాబడి ఎక్కువ. రాజ్యం ముదిరాక రేటు ఎక్కువ, రాబడి తక్కువ. జనానికి సంపాదించే ఉత్సాహం పోతే ఖజానాకు వచ్చేదేమీ ఉండదు. పాలకుడే వ్యాపారంలోకి దిగితే వర్తకులు నష్టపోతారని కూడా ఆయన హెచ్చరించారు. అల్ నాసిర్ పన్ను మాఫీ చేసి ఊరు కట్టిన సంగతిని రాసింది, కొండ తెగల దగ్గర బలవంతపు వసూలుకు వెళ్లింది ఒక్కరే కావడం గమనించాల్సిన విషయం.

1510: తలుపు మూసుకున్న రోజు

1492లో గర్నాతా పోయాక స్పెయిన్ దృష్టి ఎదురు తీరం మీద పడింది. 1509లో వహ్రాన్‌ను, 1510 జనవరిలో బెజాయాను పెద్రో నవారో నడిపిన స్పెయిన్ సేన ఆక్రమించింది. జనం చాలామంది కొండల్లోకి వెళ్లిపోయారు. హమ్మాదీల భవనాలు నేలమట్టమయ్యాయి. ఆ రాళ్ల మధ్య స్పెయిన్ వాళ్లు కోటలు కట్టుకున్నారు. 1512లో బెజాయాను విడిపించబోయి అరూజ్ రెయిస్ ఒక చేయి పోగొట్టుకున్నాడు. 1541లో స్పెయిన్ చక్రవర్తి 5వ చార్లెస్ అల్జీర్స్ మీదికి పోయి తుపానులో ఓడలు పోగొట్టుకుని, తిరిగి వెళ్తూ ఈ రేవులోనే తలదాచుకున్నాడు. చివరికి 1555లో, హిజ్రీ 962లో, ఉస్మానీ పక్షాన సలాహ్ రెయిస్ బెజాయాను తిరిగి గెలిచాడు.

ఊరు తిరిగి వచ్చింది, పాత రోజులు మాత్రం రాలేదు. 45 ఏళ్ల పాటు బెజాయా గోడల లోపల సైనిక శిబిరంగా బతికింది. చుట్టూ ఉన్న కొండ జనం శత్రువులు. లోపలి నుంచి బిడారు రాదు, బయటి నుంచి వర్తకుడు దిగడు. ఈలోగా ఉస్మానీలు అల్జీర్స్‌ను కేంద్రం చేసుకున్నారు. చదువుకున్న కుటుంబాలు ఎక్కడెక్కడో స్థిరపడ్డాయి. కోట గోడ మళ్లీ కట్టొచ్చు, నాలుగు వందల ఏళ్లుగా పెరిగిన నమ్మకాన్ని, ఉస్తాద్, శాగిర్దుల గొలుసును మళ్లీ కట్టడం ఎవరి వల్లా కాలేదు.

ఇవాళ్టి బెజాయా

1833 సెప్టెంబరులో ఫ్రెంచ్ సేన బెజాయాను పట్టుకుంది. 1956 ఆగస్టు 20న అల్జీరియా స్వాతంత్య్ర పోరాటానికి దిశ చూపిన సుమ్మామ్ మహాసభ ఈ ఊరి పక్క లోయలోనే రహస్యంగా జరిగింది. 1959లో ఎడారిలోని హస్సీ మసూద్ చమురు బావుల నుంచి ఇక్కడికి పైపులైన్ వచ్చింది. 1962లో స్వాతంత్య్రం వచ్చాక బూజీ మళ్లీ బెజాయా అయింది. ఇప్పుడు అల్జీరియాకు ముఖ్యమైన రేవుల్లో ఇది ఒకటి.

హమ్మాదీల నగరంలో మిగిలింది తక్కువ. సముద్రం వైపు తెరుచుకునే బాబుల్ బహర్ అనే పాత కమాను ద్వారం ఉంది. ఓడలు, సరుకు, పండితులు, వలస వచ్చినవాళ్లు ఊళ్లోకి అడుగుపెట్టింది ఈ వైపు నుంచే. ఖస్బా, స్పెయిన్ వాళ్ల మూసా బుర్జు, రోమన్ల కాలువ తాలూకు స్తంభాలు కూడా చూడొచ్చు. ముత్యాల భవనం ఆనవాలు లేదు. ఆ ఊరి రేవు దాటి వెళ్లిన అంకెలు మాత్రం ప్రతి ఇంటి పద్దు పుస్తకంలో ఉన్నాయి.

ముఖ్యమైన తేదీలు

క్రీ.పూ. 1వ శతాబ్దం చివర: ఆగస్టస్ రోమన్ సైనికులకు సాల్దేలో కాలనీ ఏర్పాటు
152 ప్రాంతం: తూజా కాలువ పూర్తి
1067-68: అల్ నాసిర్ కొత్త నగరానికి పునాది
1076: పోప్ 7వ గ్రెగరీ ఉత్తరం
1090: హమ్మాదీల రాజధాని పూర్తిగా బెజాయాకు మార్పు
1152: మువహ్హిదీన్ పాలన
1186: పీసాతో వ్యాపార ఒప్పందం
1202: లియొనార్దో లిబేర్ అబాచి
1365-66: హాజిబ్‌గా ఇబ్న్ ఖల్దూన్
1510: స్పెయిన్ ఆక్రమణ
1555: సలాహ్ రెయిస్ చేతికి బెజాయా
1833: ఫ్రెంచ్ ఆక్రమణ
1962: అల్జీరియా స్వాతంత్య్రం